ఎత్తైన చలి నగరంలో స్థిరపడటం: ఒకే తలనొప్పికి ఎన్ని కారణాలు

పరాయి దేశంలో, అందులోనూ ఎత్తైన చలి నగరంలో కొత్తగా దిగినవారికి మొదటి వారాల్లో ఏ బాధ కలిగినా, అక్కడి వాతావరణం ఒంటికి పడలేదనే ఒక్క మాటతో సరిపెట్టేస్తుంటారు. తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ముక్కులో రక్తపు చార, పొద్దుగూకేసరికి కమ్ముకునే దిగులు అన్నీ ఆ మాట కిందికే చేరిపోతాయి. నిజానికి అక్కడ పలచని గాలి, చలి, గాలిలోని పొడితనం, తీవ్రమైన ఎండ, పరాయితనం అనే వేర్వేరు కారణాలు ఏకకాలంలో పనిచేస్తుంటాయి. వీటిలో కొన్నిటికి శరీరం రోజుల్లో అలవాటు పడుతుంది, కొన్నిటికి నెలలు కావాలి, కొన్నిటికి ఎన్నేళ్లున్నా అలవాటు పడదు. ఏది ఏ కోవకు చెందుతుందో తెలియనివారు దానంతట అదే తగ్గిపోయేదానికి మందులు మింగుతారు, ఓపిక పట్టకూడని చోట ఓపిక పడతారు. రెండో పొరపాటు కొన్నిసార్లు ప్రాణం మీదికి తెస్తుంది.

ముందుగా ఎత్తునూ చలినీ విడదీసి చూడాలి. సముద్రమట్టం నుంచి ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున తగ్గుతుంది కాబట్టి ఇవి జంటగా కనిపిస్తాయి గానీ, ఒకటి ఉన్నచోట రెండోది ఉండి తీరాలని లేదు. మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో జనవరి రాత్రులు సున్నాకు 25 డిగ్రీల దిగువకు పోవడం మామూలే. కానీ ఆ నగరం ఉన్నది సుమారు 1,350 మీటర్ల ఎత్తులోనే కనుక ఊపిరికి లోటు పెద్దగా తెలియదు. ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా 2,300 మీటర్లకు పైన ఉన్నా భూమధ్యరేఖకు దగ్గర కావడం వల్ల ఏడాది పొడవునా గడ్డకట్టే చలి లేకుండానే గడిచిపోతుంది. కొలంబియాలోని బొగోటా 2,640 మీటర్ల దగ్గర, ఈక్వెడార్‌లోని క్విటో 2,850 మీటర్ల దగ్గర మధ్యస్థంగా నిలుస్తాయి. బొలీవియా ప్రభుత్వ కేంద్రం లా పాజ్, టిబెట్‌లోని లాసా రెండూ దాదాపు 3,650 మీటర్ల ఎత్తున ఉండి, చలినీ పలచని గాలినీ కలిపి చవిచూపిస్తాయి. వెళ్లబోయే నగరం ఈ వరుసలో ఎక్కడుందో చూసుకోవడం పెట్టె సర్దుకోవడం కన్నా ముందు చేయాల్సిన పని.

ఎత్తుకు పోయేకొద్దీ గాలిలో ప్రాణవాయువు శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. శాతం తగ్గదు, సముద్రతీరంలోనూ లా పాజ్‌లోనూ అది సుమారు 21 శాతమే. తగ్గేది వాతావరణ పీడనం. 3,600 మీటర్ల దగ్గర పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు మూడింట రెండు వంతులే కాబట్టి, ఒక్కో శ్వాసతో లోపలికి వెళ్లే ప్రాణవాయువు కూడా ఆ మేరకు తగ్గిపోతుంది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు దాటుతూ ఈ బాధను అనుభవించిన స్పెయిన్ మతగురువు హోసే దె అకోస్తా, అక్కడి గాలి మనిషి ఊపిరికి సరిపోనంత సూక్ష్మంగా ఉందని 1590లోనే రాశాడు. ప్రాణవాయువు పీడనం తగ్గడమే అసలు కారణమని ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త పాల్ బెర్ 1878 నాటికి ప్రయోగాలతో నిరూపించాడు.

ఈ లోటును పూడ్చుకోవడానికి శరీరం చేసే పనులు ఒక క్రమంలో సాగుతాయి. మెడలోని కెరోటిడ్ ధమనుల దగ్గరుండే చిన్న గ్రాహకాలు రక్తంలో ప్రాణవాయువు తగ్గిందని పసిగట్టి నిమిషాల్లోనే శ్వాస వేగాన్ని పెంచుతాయి, గుండె కూడా వేగం అందుకుంటుంది. వేగంగా ఊపిరి తీయడం వల్ల కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తం క్షారం వైపు మొగ్గుతుంది. అది మళ్లీ శ్వాసకు కళ్లెం వేస్తుంది. మూత్రపిండాలు క్షార పదార్థమైన బైకార్బొనేట్‌ను బయటికి పంపి ఆ కళ్లెం సడలించడానికి కొన్ని రోజులు పడుతుంది. కొత్తవారు మొదటి రెండు మూడు రోజులు మాటిమాటికీ మూత్రానికి లేవడం ఈ సర్దుబాటులో భాగమే తప్ప జబ్బు లక్షణం కాదు. ఎర్ర రక్త కణాల తయారీని ప్రేరేపించే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను గంటల్లోనే పెరిగినా, కణాల సంఖ్య చెప్పుకోదగినంతగా పెరగడానికి వారాలు, నెలలు కావాలి. శరీరంలో ఇనుము నిల్వలు తక్కువగా ఉన్నవారిలో ఈ చివరి దశ నత్తనడక నడుస్తుంది కాబట్టి, ప్రయాణానికి ముందు చేయించుకోదగిన రక్తపరీక్షల్లో ఆ నిల్వలను తెలిపే ఫెరిటిన్ ఒకటి.

ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ అని పిలిచే బాధ మొదలయ్యేది దిగిన వెంటనే కాదు, సాధారణంగా 6 నుంచి 12 గంటల తర్వాత. విమానాశ్రయంలో హుషారుగా సామాను మోసినవారే ఆ రాత్రి తల పట్టుకుని కూర్చోవడం అందుకే. తలనొప్పి, వికారం, నిస్సత్తువ ఒకటి రెండు రోజుల్లో, మహా అయితే మూడు రోజుల్లో తగ్గుముఖం పడితే భయపడాల్సింది లేదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గుతో నురగ కళ్లె పడటం ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందనడానికి సూచనలు. నడకలో తూలడం, మాట తడబడటం, మతి తప్పినట్టు ప్రవర్తించడం మెదడు వాపునకు సూచనలు. ఈ స్థితిలో నేరుగా ఆసుపత్రికి చేర్చాలి, వీలైనంత త్వరగా తక్కువ ఎత్తుకు దించాలి. అలవాటు పడతారులే అని ఎదురుచూసే వ్యవధి ఇక ఉండదు. ఎసెటజోలమైడ్ అనే మందు మూత్రపిండాల ద్వారా బైకార్బొనేట్‌ను వదిలించి సర్దుబాటును వేగిరపరుస్తుంది కనుక వైద్యులు దాన్ని ముందుజాగ్రత్తగా రాస్తుంటారు. ఆండీస్ దేశాల్లో కొత్తవారి చేతికి మొదట అందేది కోకా ఆకుల తేనీరు. అది ఈ బాధను నివారిస్తుందనడానికి గట్టి ఆధారాలు లేవు. పైగా తాగిన తర్వాత మాదకద్రవ్యాల పరీక్ష చేస్తే కొకైన్ ఆనవాళ్లు బయటపడతాయి, చాలా దేశాల్లోకి ఆ ఆకులు తీసుకెళ్లడం నేరం. ఉద్యోగంలో అటువంటి పరీక్షలు ఉండేవారు ఆ మర్యాదను సున్నితంగా తిరస్కరించడమే మేలు.

ఎత్తుకు సంబంధించి అన్నిటికన్నా పనికొచ్చే సూత్రం ఒకటుంది. పగలు ఎంత ఎత్తున తిరిగారన్నదాని కన్నా రాత్రి ఏ ఎత్తున పడుకున్నారన్నదే ముఖ్యం. పెరూలోని కుస్కో విమానాశ్రయంలో 3,400 మీటర్ల దగ్గర దిగినవారు చాలామంది అదే రోజు 2,900 మీటర్ల లోపున ఉండే ఉరుబాంబా లోయలోకి వెళ్లిపోయి మొదటి రాత్రులు అక్కడ గడుపుతారు. బొలీవియాకు వెళ్లేవారు 400 మీటర్ల దగ్గరున్న సాంతా క్రూజ్‌లో దిగి, 2,560 మీటర్ల కోచబాంబాలో కొన్నాళ్లు ఆగి, ఆపైన లా పాజ్ చేరవచ్చు. లా పాజ్ భూస్వరూపం కూడా ఇందుకు కలిసొస్తుంది. విమానాశ్రయం ఉన్న ఎల్ ఆల్టో 4,000 మీటర్లకు పైన ఉంటే, అక్కడి నుంచి నగరం ఒక లోయలోకి మెట్లుమెట్లుగా దిగుతూ దక్షిణ భాగంలో సుమారు 3,300 మీటర్లకు చేరుతుంది. ఒకే నగరంలో పైకీ కిందికీ 700 మీటర్ల తేడా, దానితోపాటు నాలుగైదు డిగ్రీల వెచ్చదనం! ప్రపంచంలో చాలా నగరాల్లో సంపన్నులు గుట్టల మీద ఇళ్లు కట్టుకుంటే, ఇక్కడ అడుగున కట్టుకున్నారు. 2014లో మొదలైన కేబుల్ కార్లు పైభాగాన్నీ కిందిభాగాన్నీ నిమిషాల్లో కలుపుతున్నాయి కాబట్టి, కార్యాలయం పైన ఉన్నా ఇల్లు కింద చూసుకోవడం సాధ్యమే. ఖర్చు ఎక్కువైనా మొదటి ఏడాదికి ఆ తేడా చెల్లించడం దండగ కాదు.

నిద్ర సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవారిని లోలోపల కుంగదీసేది అదే. నిద్రలో శ్వాస కొన్ని సెకన్లు వేగంగా, లోతుగా సాగి, తర్వాత పూర్తిగా ఆగి, మళ్లీ ఒక్క ఉదుటున మొదలవుతుంది. ప్రాణవాయువు తగ్గిందని శ్వాసను తరిమే సంకేతమూ, కార్బన్ డయాక్సైడ్ తగ్గిందని దాన్ని ఆపే సంకేతమూ పోటీపడటం దీనికి మూలం. ఊపిరాడనట్టు ఉలిక్కిపడి లేచినవారు గుండెజబ్బు వచ్చిందని బెంబేలెత్తుతారు. ఇది తొలి రాత్రుల్లో సర్వసాధారణం, సాధారణంగా క్రమేపీ సద్దుమణుగుతుంది. నిద్ర కోసం మత్తు బిళ్లలనో మద్యాన్నో ఆశ్రయిస్తే మాత్రం అవి శ్వాసను ఇంకా అణచివేసి పరిస్థితిని దిగజారుస్తాయి. రాత్రి భోజనం తేలిగ్గా ముగించడం కూడా మేలు; బొలీవియాలో మధ్యాహ్న భోజనమే ప్రధానం కావడం కొత్తవారికి అనుకోకుండా కలిసొచ్చే అలవాటు.

కొన్ని వారాలకు తలనొప్పి పోతుంది, నిద్ర కుదుటపడుతుంది, రోజువారీ నడక సులువవుతుంది. అయినా తిరిగిరానిది ఒకటి ఉంది. 1,500 మీటర్లు దాటాక ప్రతి 100 మీటర్లకు గరిష్ఠ శ్రమశక్తి సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతుందని ఒక ఉజ్జాయింపు. ఆ లెక్కన లా పాజ్ ఎత్తులో ఐదో వంతు పోతుంది, అది నెలల తరబడి ఉన్నా పూర్తిగా తిరిగి దక్కదు. 2,240 మీటర్ల ఎత్తున్న మెక్సికో నగరంలో 1968 ఒలింపిక్స్ జరిగినప్పుడు పలచని గాలి అమెరికా క్రీడాకారుడు బాబ్ బీమన్ 8.90 మీటర్ల లాంగ్‌జంప్‌కు కొంత తోడ్పడింది. అదే గాలి 10,000 మీటర్ల పరుగులో ప్రపంచ రికార్డు వీరుడు రాన్ క్లార్క్‌ను గమ్యం దగ్గర కుప్పకూల్చింది, మొదటి రెండు స్థానాలూ ఎత్తైన ప్రాంతాలున్న కెన్యా, ఇథియోపియా పరుగువీరులకు దక్కాయి. నివాసానికి వచ్చినవారు దీన్నుంచి గ్రహించాల్సింది, పాత వేగాన్ని తిరిగి సాధించాలన్న పంతం వదులుకోవడం. ఎత్తు ఎక్కుతూ ఒక వాక్యాన్ని మధ్యలో ఊపిరి తీసుకోకుండా పూర్తిచేయలేకపోతే వేగం తగ్గించాలన్న సూచన ఏ పరికరం కన్నా నమ్మదగినది. ఈ నెమ్మదిని సోమరితనంగా లెక్కగట్టే అధికారులు, తమను తాము అలా నిందించుకునే ఉద్యోగులు రెండు రకాలవారూ కనిపిస్తారు, ఇద్దరిదీ అపోహే.

చలి దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. పలచని గాలికి అలవాటు పడినట్టు మానవ శరీరం చలికి అలవాటు పడదు. చలిని ఎదుర్కొనేది ప్రధానంగా బట్టలు, ఇల్లు, అలవాట్లు. ఇక్కడ కొత్తవారు తరచూ తప్పు సామాను తెచ్చుకుంటారు. ఉలాన్‌బాతర్ వంటి ఉత్తరపు నగరాల్లో చాలా భవనాలకు కేంద్రీకృత తాపన వ్యవస్థ ఉంటుంది కాబట్టి చలి అంతా బయటే, గడప దాటి లోపలికొస్తే చొక్కాతో ఉండవచ్చు. బొగోటా, క్విటో, లా పాజ్ వంటి చోట్ల చాలా ఇళ్లకు ఏ తాపన వ్యవస్థా ఉండదు. పగలు ఎండలో స్వెటర్ విప్పాలనిపిస్తుంది, నీడలోకి అడుగుపెడితే మళ్లీ తొడుక్కోవాలి, ఇంట్లోకి వస్తే బయటికన్నా చల్లగా ఉంటుంది. అక్కడ ఒక బరువైన ఓవర్‌కోటు కన్నా ఒకదానిపై ఒకటి వేసుకుని విప్పుకునే పలచటి పొరలు, ఇంట్లో తొడుక్కునే ఉన్ని మేజోళ్లు, మందపాటి దుప్పట్లు అక్కరకొస్తాయి. ఇల్లు చూసేటప్పుడు గదుల విస్తీర్ణం కన్నా ఎండ ఏ కిటికీలోంచి ఎంతసేపు వస్తుందన్నది అడగాలి. లా పాజ్ దక్షిణార్ధగోళంలో ఉంది కాబట్టి చలికాలపు ఎండ ఉత్తరం వైపు నుంచి వస్తుంది. ఉత్తరార్ధగోళంలో పుట్టి పెరిగినవారు దక్షిణపు కిటికీ చూసి మురిసిపోయి ఆ గదిలో నెలల తరబడి వణకడం జరిగే పనే.

తాపన లేని ఇంట్లో చలి భరించలేక చేసే ఏర్పాట్లలోనే అసలు ప్రమాదం పొంచి ఉంది. తలుపులు, కిటికీలు బిగించి, సందుల్లో గుడ్డలు కుక్కి, గదిలో గ్యాస్ హీటరో బొగ్గుల కుంపటో వెలిగిస్తారు. స్నానాలగదిలో పొగగొట్టం సరిగా లేని గ్యాస్ గీజరు నడుస్తూ ఉంటుంది. ప్రాణవాయువు పలచగా ఉన్నచోట ఇంధనం పూర్తిగా మండక కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా పుడుతుంది. రంగు, వాసన లేని ఆ వాయువు హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటిపెట్టుకుంటుంది, ఇప్పటికే లోటులో ఉన్న రక్తాన్ని మరింత నిరుపయోగం చేస్తుంది. దాని లక్షణాలు తలనొప్పి, వికారం, తల తిరగడం, నీరసం. అంటే ఎత్తువల్ల కలిగే బాధ లక్షణాలేవో అవే. దిగి నాలుగు రోజులే అయినవారు ఆ తలనొప్పిని ఎత్తు ఖాతాలో వేసి, వెచ్చగా ముసుగుతన్ని పడుకుంటారు, లేవకపోవచ్చు.

రెండిటినీ వేరుచేసే ఆనవాళ్లు లేకపోలేదు. ఎత్తు తలనొప్పి నగరంలో దిగిన మొదటి ఒకటి రెండు రోజుల్లో మొదలై రోజురోజుకూ తగ్గుతుంది, ఇంట్లోనూ వీధిలోనూ ఒకేలా ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ తలనొప్పి హీటరు వెలిగించాక మొదలవుతుంది, ఇంట్లో ఉన్న అందరికీ ఒకేసారి వస్తుంది, బయటికి పోతే తేలికపడుతుంది. వారాలపాటు ఏ బాధా లేక, చలికాలం మొదలయ్యాక కొత్తగా తలనొప్పి వస్తే అనుమానించాల్సింది ఎత్తును కాదు. రక్తంలో ప్రాణవాయువు శాతాన్ని చూపడానికి వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ ఇక్కడ మోసం చేస్తుంది, ఎందుకంటే సాధారణ పరికరం కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా ప్రాణవాయువు ఉన్నదానిగానే లెక్కించి, అంకె సవ్యంగా ఉన్నట్టు చూపిస్తుంది. అనుమానం రాగానే హీటరు ఆర్పి, అందరూ బయటికి వచ్చి, ఆసుపత్రికి వెళ్లడమే మార్గం. గదిలో పెట్టుకునే కార్బన్ మోనాక్సైడ్ అలారం, గీజరుకు బయటికి తెరుచుకునే గొట్టం, కిటికీలో వేలెడు సందు అనే మూడూ ఉన్ని బట్టల కన్నా ముందు కొనాల్సినవి, చూసుకోవాల్సినవి.

పొడి గాలి, ఎండ విషయంలో జాగ్రత్తలు సులువైనవే గానీ వాటిని గుర్తించడమే ఆలస్యమవుతుంది. చల్లని గాలి తేమను పట్టి ఉంచలేదు. ఆ గాలినే గదిలో వేడిచేస్తే ఇంకా పొడిబారుతుంది. పెదవులు పగలడం, ముక్కులో పొర చిట్లి రక్తం కనిపించడం, తలుపు గొళ్లెం ముట్టుకుంటే విద్యుత్ చురుక్కుమనడం అందువల్లే. చెమట పట్టగానే ఆవిరైపోయి, వేగంగా తీసే ప్రతి ఊపిరితోనూ నీరు బయటికి పోతున్నా చలివల్ల దాహం తెలియదు. ఇక అతినీలలోహిత కిరణాలు ప్రతి 1,000 మీటర్లకు సుమారు 10 శాతం పెరుగుతాయి. ఉష్ణమండలపు ఎత్తైన నగరాల్లో మధ్యాహ్నపు యూవీ సూచీ తరచూ అత్యంత తీవ్రమైన స్థాయికి చేరుతుంది. గాలి చల్లగా ఉండటం వల్ల చర్మం కాలుతున్న సంగతి సాయంత్రం వరకూ తెలియదు, కళ్లకు నల్లద్దాలు అక్కడ అలంకారం కాదు.

వంటగది కూడా పీడనానికి లోబడే నడుస్తుంది. 3,600 మీటర్ల దగ్గర నీరు 88 డిగ్రీలకే మరుగుతుంది. ఎంతసేపు మంట పెట్టినా మూతలేని గిన్నెలో వేడి అంతకు మించదు కనుక పప్పుధాన్యాలు గంటలు గడిచినా గట్టిగానే మిగిలిపోతాయి. ప్రెషర్ కుక్కర్ ఈ సమస్యను చాలావరకు తీరుస్తుంది గానీ పూర్తిగా కాదు. కుక్కర్ బరువు బయటి పీడనానికి అదనంగా మాత్రమే పీడనాన్ని నిలుపుతుంది కాబట్టి, సముద్రమట్టంలో 121 డిగ్రీలకు చేరే కుక్కర్ అక్కడ 115 దగ్గరే ఆగుతుంది. అలవాటైన కూతల లెక్కకు మరికొన్ని కలపాలి. పిండి పులిసి పొంగడం మాత్రం త్వరగా జరుగుతుంది, బేకింగ్ పౌడరు తగ్గించాలి.

కోవిడ్ కాలం నుంచి పల్స్ ఆక్సీమీటర్ ఇంటింటి వస్తువైంది, 94 కన్నా తగ్గితే ప్రమాదమన్న మాట అందరికీ కంఠస్థమైంది. లా పాజ్‌లో ఆరోగ్యవంతులకు 90 అటూఇటూగా కనిపించడం మామూలే. ఆ అంకెను ఫోనులో విన్న స్వదేశపు బంధువులు గాభరాపడటం, ఆ గాభరా తిరిగి కొత్తవారికి అంటుకోవడం జరుగుతుంటుంది. రక్తపరీక్షలదీ ఇదే తీరు. ఎత్తులో హిమోగ్లోబిన్ పెరగడం సహజం కాబట్టి రక్తహీనతను నిర్ధారించేటప్పుడు ఎత్తును బట్టి అంకెను సవరించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. నివేదికను అక్కడి వైద్యులకే చూపించడం ఉత్తమం. మరోవైపు, ఏళ్ల తరబడి నివసించినవారిలో కొందరికి ఎర్ర కణాలు అతిగా పెరిగి రక్తం చిక్కబడుతుంది. పెరూ వైద్యుడు కార్లోస్ మోంహె 1920ల్లో వర్ణించిన ఈ దీర్ఘకాలిక జబ్బును హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి పురుషుల్లో 21, స్త్రీలలో 19 గ్రాములు దాటినప్పుడు అనుమానిస్తారు. దిగువకు మకాం మార్చడమే దానికి అసలైన చికిత్స. టిబెటన్లలో ఈ జబ్బు అరుదు. వారిలో ఈపీఏఎస్1 అనే జన్యువు ప్రత్యేక రూపం హిమోగ్లోబిన్‌ను అతిగా పెరగనివ్వదని 2010 నాటి పరిశోధనల్లో తేలింది. వేల ఏళ్ల వారసత్వంతో దక్కిన ఆ సౌలభ్యం వలస వచ్చినవారికి ఉండదు. గర్భిణులు కూడా ముందే వైద్యులతో మాట్లాడుకోవాలి. ప్రతి 1,000 మీటర్లకు శిశువు పుట్టుక బరువు సగటున 100 గ్రాముల మేర తగ్గుతుంది.

ఇక పరాయితనం. ఇంటి మీద బెంగ, నిద్రలేమి, ప్రాణవాయువు లోటు మూడూ నిరుత్సాహం, చిరాకు, ఏకాగ్రత లోపం అనే ఒకే ముఖంతో కనిపిస్తాయి. మొదటి రెండు వారాల్లో కలిగే నిరాశను బట్టి ఈ దేశం తనకు సరిపడదని తీర్మానించుకోవడం తొందరపాటు, ఎందుకంటే ఆ సమయంలో మాట్లాడుతున్నది చాలావరకు శరీరమే. మూడు నెలల తర్వాత కూడా అదే నిస్పృహ కొనసాగితే దాన్ని ఎత్తు మీదికి నెట్టడం కూడా అంతే పొరపాటు. అప్పటికి కావాల్సింది భాష, స్నేహాలు, అవసరమైతే మానసిక వైద్య సహాయం. చలి నగరంలో సాయంత్రాలు మనుషులను గదులకు కట్టిపడేస్తాయి. ఆయాసమని బయటికి వెళ్లకపోవడం, వెళ్లకపోవడం వల్ల భాష రాకపోవడం, భాష రాకపోవడం వల్ల ఎవరూ పరిచయం కాకపోవడం ఒక గొలుసుగా సాగుతుంది. దాన్ని తెంచడానికి ఎండ ఉండే మధ్యాహ్నపు వేళలే అనువైనవి. భాషా తరగతి, సంత, పార్కు ఏదైనా ఆ వేళకు కుదుర్చుకుంటే చలీ ఒంటరితనమూ రెండూ కొంత దూరంగా ఉంటాయి. క్విటో వంటి చోట మరో చిక్కు కూడా ఉంది. ఏడాదంతా పగలు 12 గంటలే, వేసవి వచ్చేదీ లేదు పోయేదీ లేదు. రుతువులతో కాలాన్ని కొలిచే అలవాటున్నవారికి నెలలు ఎలా గడిచాయో అంతుపట్టదు. పండుగలు, పుట్టినరోజులు, ప్రయాణాలతో క్యాలెండరుకు తామే గుర్తులు పెట్టుకోవాల్సి వస్తుంది.

ఆ ప్రయాణాల్లో ఒక సంగతి చాలామంది దృష్టికి రాదు. సంపాదించుకున్న అలవాటు శాశ్వతం కాదు. సముద్రమట్టానికి దిగి రెండు మూడు వారాలు గడిపితే అది చాలావరకు కరిగిపోతుంది. ఏళ్లుగా అక్కడే ఉన్నామన్న ధీమాతో తిరిగొచ్చినవారికి, ముఖ్యంగా పిల్లలకు, తొలిసారి వచ్చినవారికి లాగే ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో 3,100 మీటర్ల ఎత్తున్న లెడ్‌విల్ వంటి పట్టణాల పిల్లల్లో దీన్ని వైద్యులు గుర్తించారు. సెలవుల నుంచి వచ్చిన మర్నాడే పిల్లలను ఆటల పోటీలకు పంపకుండా రెండు మూడు రోజులు ఆపడం, ఆ రోజుల్లో పొడిదగ్గు, ఆయాసం కనిపిస్తే ప్రయాణంలో పట్టిన జలుబని కొట్టిపారేయకుండా వెంటనే వైద్యులకు చూపించడం పాతకాపులకు కూడా తప్పనిసరి.